వేడెక్కితే ఆగి, చల్లారితే లేచిన పడవ మోటారు: సంగమేశ్వరం ఒడ్డున ఒక కేసు

మార్చి చివరి వారంలో, శ్రీశైలం జలాశయపు వెనుక జలాల్లో చేపల వేటకు వెళ్లే ఒక పడవ యజమాని తన 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ మోటారును, అంటే పడవ వెనుక అంచుకు బిగించే మోటారును, ఆటోలో వేసుకుని కర్నూలులోని నా షెడ్డుకు తెచ్చారు. నందికొట్కూరు దాటి సంగమేశ్వరం వైపు వెళ్లే దారిలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో చేరిన ఒక ఒడ్డు గ్రామం ఆయనది. మోటారు రెండు స్ట్రోకులది, రెండు సిలిండర్లది, కార్బురేటరుతో నడిచేది, తాడు లాగి స్టార్టు చేసేది. దాని వయసు పదకొండేళ్లు. ఆయన చెప్పిన ఫిర్యాదును అప్పుడే నా పుస్తకంలో ఆయన మాటల్లోనే రాసుకున్నాను. "పొద్దున తాడు ఒక్కసారి లాగితే లేస్తాది మేస్త్రీ. పదహైదు ఇరవై నిమిషాలు బాగా పోతాది. ఉన్నట్టుండి ఆగిపోతాది. ఇంగ చెయ్యి పడిపోయేదాంక లాగినా లేయదు. అర్ధగంట ఊరికే కూర్చుంటే మళ్లా ఏమీ ఎరగనట్టు లేస్తాది."

నా పని ఎక్కువగా వ్యవసాయ పంపుసెట్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, చిన్న జనరేటర్లు. సముద్రం లేని ఈ జిల్లాలో పడవ మోటార్లు ఏడాదికి పదో పన్నెండో వస్తాయి. అవీ తుంగభద్ర మీది సుంకేసుల వైపు నుంచి గానీ, శ్రీశైలం వెనుక జలాల ఒడ్డు ఊళ్ల నుంచి గానీ. ఇలా వేడెక్కి ఆగి, చల్లారితే లేచే మోటారుకు కారణాలు అనేకం ఉన్నా, వాటిని ఒకదాని నుంచి ఒకటి విడదీసే సాక్ష్యం మాత్రం మోటారు ఆగిన తొలి కొద్ది నిమిషాల్లోనే ఉంటుందని, అది షెడ్డుకు చేరేసరికి చల్లారి మాయమైపోతుందని నాకు ఈ కేసులోనే పూర్తిగా అర్థమైంది. మొదటిసారి నేను ఆ సంగతి పట్టించుకోకుండా పని చేసి పంపించాను. అందుకు ఫలితం పడవలో ఉన్న నలుగురు అనుభవించారు. అందువల్ల ఆ మొదటి తప్పుతో సహా మొత్తం రాస్తున్నాను.

ఆ నీటి మీద మోటారు ఆగడం ఎంత ప్రమాదమో ముందుగా చెప్పాలి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ మట్టం దగ్గర సంగమేశ్వరాలయం నీటిలో మునిగి ఉంటుంది. వేసవిలో నీరు తగ్గుతూ వచ్చేకొద్దీ గుడి బయటపడుతుంది. గుడితో పాటు పాత చెట్ల మొదళ్లు, రాతి గుట్టలు, పాత గోడలు కూడా నీటి అంచుకు వస్తాయి; కొన్ని జానెడు లోతున కనబడకుండా ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేచిన వేళ మోటారు ఆగిపోతే పడవ తనంతట తాను వాటి మీదికే పోతుంది. తెడ్లు ఉన్నా, వల నిండిన పడవను ఆ గాలికి ఎదురు లాగడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.

షెడ్డులో నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఎంతసేపటికి ఆగుతోంది, ఏ పూట ఎక్కువగా ఆగుతోంది, ఆగే ముందు ఎలా ఉంటోంది అని. సంక్రాంతి రోజుల్లో ముప్పావు గంట, గంట నడిచి ఆగేదని, శివరాత్రికి అరగంటకు వచ్చిందని, ఇప్పుడు పావుగంట కూడా నమ్మకం లేదని ఆయన చెప్పారు. పొద్దున కంటే మధ్యాహ్నం త్వరగా ఆగుతోంది. మూడో ప్రశ్నకు ఆయన జవాబు "తడబడదు, దగ్గదు, దీపం ఆర్పినట్టు ఆగిపోతాది" అని. ఈ మూడు జవాబుల్లోనే కేసు దాదాపు తేలిపోయి ఉంది. పెట్రోలు అందక ఆగే మోటారు సాధారణంగా అలా ఆగదు. వేగం కుంగుతుంది, ఒక్కోసారి చివరి క్షణాల్లో పెట్రోలు పలుచబడి చప్పుడు కాస్త పైకి లేస్తుంది, ఆ తరువాత దగ్గుతూ చస్తుంది. దీపం ఆర్పినట్లు ఆగిందంటే స్పార్కు, అంటే పెట్రోలును అంటించే నిప్పురవ్వ, తెగిందని ముందుగా అనుమానించాలి. ఆ మాట రాసుకున్నాను గానీ దానికి ఇవ్వవలసిన బరువు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదంటే, ట్యాంకు తెరవగానే నా కంటికి మరొక లోపం కనబడింది. ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదలకుండా ఉంచితే, అడుగున వేలెడు మందాన వేరే పొర దిగింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీటి మీద, ఒడ్డు మీద సగం ఖాళీగా రోజుల తరబడి ఉండే ట్యాంకులో ఆ తేమ హద్దు దాటితే, నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పైపు పీల్చేది అడుగు నుంచే కనుక కార్బురేటరుకు ముందు చేరేది ఆ పొరే. పైగా ఈ వయసు మోటార్లు 10 శాతం ఇథనాల్‌కు మించి తట్టుకునేలా తయారైనవి కావు. పైపుల లోపలి రబ్బరు మెత్తబడి పొరలు లేస్తుంది. కారణం దొరికిందని అనుకున్నాను. ట్యాంకు కడిగి ఆరబెట్టాను, కార్బురేటరు విప్పి జెట్లు శుభ్రం చేశాను, పెట్రోలు పైపునూ, చేత్తో పిండి పెట్రోలు ఎక్కించడానికి దానిలో ఉండే ప్రైమర్ బల్బునూ మార్చాను, పెట్రోలు పంపు పలుచని పొర డయాఫ్రమ్ కొత్తది వేశాను, ప్లగ్గులు రెండూ మార్చి సందు 1 మిల్లీమీటరుకు సరిచేశాను, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల రెండు స్ట్రోకుల నూనె చొప్పున 50కి 1 పాళ్లలో కొత్తగా కలిపాను. మోటారును 200 లీటర్ల డ్రమ్ములో దింపి అరగంట నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈ పనులన్నీ అవసరమైనవే, వాటిలో ఏదీ వృథా కాదు. కానీ ఆ అరగంట డ్రమ్ము పరీక్షను పాసు అని నేను నమ్మడం తప్పు. డ్రమ్ములో మోటారు మెల్లగా నడుస్తుంది. పడవను, వలను, నలుగురు మనుషులను తోసే బరువు దాని మీద ఉండదు, కనుక సిలిండర్లలో పుట్టే వేడి సగం కూడా ఉండదు. ఉదయం ఎనిమిదింటికి నీడలో, చల్లని నీటిలో జరిగిన పరీక్ష అది. మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో నిండు బరువుతో ఆగే మోటారు గురించి ఆ పరీక్ష నాకు ఏమీ చెప్పలేదు. మూడో రోజు ఆయన ఫోను చేశారు. మోటారు మళ్లీ ఆగిందని, గాలికి పడవ రాతి గుట్ట మీదికి పోతే గడలతో తోసి నిలుపుకున్నామని, పడవ పక్క చెక్క పగిలిందని చెప్పారు. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా వినబడింది. డబ్బు తీసుకోనని చెప్పి, "అన్నా, ఈసారి మోటారు నా దగ్గరికి తేవద్దు, నేనే నీళ్ల మీదికి వస్తా" అన్నాను.

వెళ్లే ముందు రాత్రి, ఆగిన క్షణంలో చేయవలసిన పరీక్షలను క్రమంలో కాగితం మీద రాసుకున్నాను. ఎందుకంటే పడవ ఊగుతుంటే, ఎండ కొడుతుంటే, మనసు ముందుగా అనుమానించిన దాని మీదికే చెయ్యి పోతుంది. సంచిలో స్పార్కు టెస్టరు, మల్టీమీటరు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, విడి తీగలు, ప్లగ్గు స్పానరు పెట్టుకున్నాను. పడవలో ముగ్గురం, ముగ్గురికీ లైఫ్ జాకెట్లు, రెండు తెడ్లు, ఒక లంగరు. ఉదయం పదకొండింటికి బయలుదేరాము. మోటారు మూత తీసి పక్కన పెట్టి, మోటారు నెత్తిన తిరిగే బరువు చక్రం ఫ్లైవీలుకు చేతులు, బట్టలు దూరంగా ఉంచి నడపమన్నాను. ఐదు నిమిషాలకొకసారి సిలిండరు హెడ్డు మీద థర్మామీటరు గురి పెట్టి చదివాను. ఐదో నిమిషానికి 61, పదో నిమిషానికి 78, పదిహేనో నిమిషానికి 90 డిగ్రీలు. నీటితో చల్లబడే మోటారు హెడ్డు ఒక స్థాయికి వచ్చి అక్కడే నిలవాలి. ఇది నిలవకుండా ఎక్కుతూనే ఉంది. అంతసేపూ పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటి ధార మాత్రం సన్నగానైనా వస్తూనే ఉంది. పదిహేడో నిమిషంలో, 94 డిగ్రీల దగ్గర, ఆయన చెప్పినట్లే దీపం ఆర్పినట్లు ఆగిపోయింది.

లంగరు వేయించి గడియారం చూసుకున్నాను. మొదట ప్రైమర్ బల్బు నొక్కాను. గట్టిగా ఉంది, అంటే కార్బురేటరు దాకా పెట్రోలు నిండే ఉంది. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడి ఉంటే బల్బు మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు పిండగానే మోటారు లేచేది. ట్యాంకు మూత తెరిచాను. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు లేదు, కనుక మూత మీది గాలి రంధ్రం మూసుకుపోయి ట్యాంకులో శూన్యం ఏర్పడిన మాట కాదు. తాడును మెల్లగా లాగి బిగువు చూశాను. చల్లగా ఉన్నప్పటి లాగే ఉంది, పిస్టన్లు వేడికి పట్టేయలేదు. ఆ మూడింటికీ ముప్పై సెకండ్లు పట్టి ఉండవచ్చు. తరువాత ప్లగ్గులను హెడ్డులోనే ఉంచి, వాటి తీగలను మాత్రం టెస్టరుకు కలిపి తాడు లాగించాను. ప్లగ్గులు విప్పితే వేడి సిలిండరు నుంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్మి స్పార్కుకు అంటుకునే ప్రమాదం ఉంటుంది, కనుక విప్పకూడదు. టెస్టరులో ఏ సిలిండరుకూ స్పార్కు లేదు. ఒకదానికే లేకపోతే ఆ తీగనో, ఆ క్యాపునో అనుమానించాలి. రెండింటికీ ఒకేసారి పోయిందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగమే పోయి ఉండాలి.

ఈ రకం మోటారులో బ్యాటరీ ఉండదు. ఫ్లైవీలు లోపలి అయస్కాంతాలు తిరుగుతూ దాని కింద బిగించి ఉన్న ఛార్జ్ కాయిల్ ముందు నుంచి పోయినప్పుడు అందులో కరెంటు పుడుతుంది. సీడీఐ పెట్టె ఆ కరెంటును కెపాసిటరులో దాచి ఉంచుతుంది. సమయం వచ్చిందని పల్సర్ కాయిల్ సంకేతం ఇవ్వగానే దాన్ని ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి వదులుతుంది; అక్కడ అది వేల వోల్టులకు పెరిగి ప్లగ్గు సందులో మెరుస్తుంది. స్టాప్ స్విచ్ చేసే పనల్లా ఆ కరెంటును బాడీకి కలిపేసి చంపడం. కనుక ఉమ్మడి భాగాలు నాలుగు: స్టాప్ స్విచ్, ఛార్జ్ కాయిల్, పల్సర్ కాయిల్, సీడీఐ పెట్టె. ముందుగా స్టాప్ స్విచ్ తీగను కనెక్టరు దగ్గర విడదీసి లాగించాను. అప్పుడూ స్పార్కు లేదు, స్విచ్చు నిర్దోషి. తరువాత ఛార్జ్ కాయిల్ తీగల మధ్య మల్టీమీటరు పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు, ఉదయం ఒడ్డునే నిరోధం కొలిచి 238 ఓమ్‌లు అని రాసుకున్న కాయిల్ ఇప్పుడు మీటరు మీద ఓఎల్ చూపించింది, అంటే లోపల తీగ తెగి ఉంది. పల్సర్ కాయిల్ ఉదయపు అంకెకు కాస్త పైనే ఉంది, అది వేడికి సహజం. మోటారు ఆగినప్పటి నుంచి నాలుగో నిమిషానికి ఇదంతా పూర్తయింది.

ఆ తరువాత జరిగింది నా పనిలో నేను మరిచిపోలేని సంగతి. మీటరు తీగలను కాయిల్‌కే క్లిప్పులతో పట్టించి ముగ్గురం ఊరకే కూర్చున్నాము. మీటరు మీద ఓఎల్ అలాగే నిలిచి ఉంది. ఇరవై మూడో నిమిషంలో ఒక్కసారిగా 262 అనే అంకె వచ్చి నిలిచింది. వెంటనే మీటరు తీసి కనెక్టరు కలిపి తాడు లాగమన్నాను. మొదటి లాగుడుకే మోటారు లేచింది. పడవ యజమాని ఆ మీటరు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఈ అంకె ఇంతకాలం మాకు కనబడకుండా దాక్కున్యాది మేస్త్రీ" అన్నారు.

రాగి తీగకు వేడి ఎక్కేకొద్దీ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఈ లెక్క తెలిసి ఉండడం అవసరం, ఎందుకంటే వేడిగా కొలిచినప్పుడు అంకె పెరిగిందని మాత్రమే చూసి కాయిల్ పోయిందని తేల్చేస్తే మంచి కాయిల్ పారేస్తాము. 238 ఓమ్‌లు 262 కావడం సహజమైన పెరుగుదల. 262 నుంచి ఓఎల్‌కు దూకడం మాత్రం తెగిపోవడం. మరుసటి రోజు షెడ్డులో దీన్ని మళ్లీ నిరూపించుకున్నాను. ఫ్లైవీలును పుల్లరుతోనే విప్పాను. క్రాంకు కొన మీద సుత్తితో కొట్టి విప్పితే లోపలి బేరింగులకు, ఫ్లైవీలు అయస్కాంతాలకు దెబ్బ తగులుతుంది. కాయిల్‌ను బయటికి తీసి, మీటరుకు కలిపి, జుట్టు ఆరబెట్టే డ్రయరుతో దూరం నుంచి మెల్లగా వేడి చేశాను. 30 డిగ్రీల దగ్గర 238, 50 దగ్గర 256, 60 దగ్గర 265 ఓమ్‌లు. 68 డిగ్రీల దగ్గర ఓఎల్. డ్రయరు తీసేశాక 57 డిగ్రీలకు దిగగానే అంకె తిరిగి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఒకటి రెండు డిగ్రీల తేడాతో అదే ఫలితం. కాయిల్‌ను కప్పి పోసిన రెసిన్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, సన్నని చీలిక పడి ఉంది. లోపల తెగిన తీగ కొనలు చల్లగా ఉన్నప్పుడు ఒకదానినొకటి తాకి ఉంటాయి, రెసిన్ వేడికి వ్యాకోచిస్తే విడిపోతాయి, చల్లారితే తిరిగి తాకుతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఓమ్‌ల కొలత ఒక్కటే చాలని ఎప్పుడూ అనుకోకూడదు. కొన్ని కాయిళ్లు ఓమ్‌లలో బాగానే కనబడి, అసలు వోల్టేజి పుట్టించేటప్పుడు పొరల మధ్య షార్టు అవుతాయి. వాటిని పట్టుకోవాలంటే తాడు లాగుతూ గరిష్ఠ వోల్టేజి కొలిచే అడాప్టరు కావాలి. ఈ కేసులో తీగ పూర్తిగా తెగింది కనుక మామూలు మీటరే సరిపోయింది.

కాయిల్ దొరికింది కదా అని అక్కడితో ఆగి ఉంటే మరొక తప్పు చేసినవాడినయ్యేవాడిని. పదకొండేళ్ల కాయిల్ వయసు మీరి పోవచ్చు, అది నిజమే. కానీ 94 డిగ్రీల హెడ్డు సంగతి ఏమిటి? ఫ్లైవీలు కింద కాయిల్ కూర్చునేది క్రాంకు కేసు నెత్తి మీదే. మోటారు వేడెక్కితే ముందుగా ఉడికేది అదే. మోటారు కింది భాగం విప్పి నీళ్ల పంపు చూశాను. నీటిని పైకి తోసే రబ్బరు చక్రం ఇంపెల్లర్ రెక్కలు ఒకవైపు వంగి అలాగే బిగుసుకుపోయాయి, రెండు రెక్కల మొదట్లో పగుళ్లు ఉన్నాయి. అది తిరిగే స్టీలు కప్పు లోపలి గోడ నిండా గోటికి తగిలే గీతలు. ఆ గీతలు ఒండ్రువి. వేసవిలో నీరు తగ్గి, లోతు తక్కువైన చోట మోటారు నడిపితే ప్రొపెల్లరు లేపిన మట్టినంతా పంపు పీల్చుకుంటుంది, రబ్బరుకూ స్టీలుకూ మధ్య ఆ ఇసుక సాన పట్టినట్లు పని చేస్తుంది. వంగి బిగుసుకున్న రెక్కలకు కారణం అడిగితే, ఆయన మేనల్లుడు ప్రతి ఉదయం పడవ నీటిలోకి తోయక ముందే ఒడ్డు మీద మోటారు లేపి, "లేస్తాందా లేదా" అని ఒక నిమిషం చూసుకుంటాడని తెలిసింది. మోటారు ఆగిపోతోందన్న భయంతోనే అతడు ఆ అలవాటు చేసుకున్నాడు. కానీ ఇంపెల్లర్‌కు నీరే తైలం. పొడిగా కొన్ని సెకండ్లు తిరిగినా రబ్బరు కాలుతుంది.

అయితే పంపు ఇంత చెడ్డా బయటి నీటి ధార ఎందుకు వస్తూ ఉంది? ఈ మోటారులో ఆ ధార, వేడిని బట్టి తెరుచుకుని నీటిని వదిలే థర్మోస్టాటు దాకా వెళ్లక ముందే విడిపోతుంది, కనుక అది పంపు తిరుగుతోందని చెబుతుందే తప్ప హెడ్డు చల్లబడుతోందని చెప్పదు. థర్మోస్టాటు విప్పితే దాని గది సగం ఒండ్రుతో నిండి, పలక గట్టిపడి ఉంది. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీసి చూశాను; 50 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలుపెట్టవలసింది 70 దాటినా వెంట్రుకవాసి కూడా కదలలేదు. ధార గురించి మరొక సంగతి కూడా ఆరోజే తెలిసింది. సంక్రాంతికి ముందు రెండు వారాలు మోటారు వాడక ఒడ్డున ఉంచినప్పుడు కుమ్మరి పురుగు ఆ రంధ్రంలో మట్టి గూడు పెట్టిందని, ధార రాకపోతే తీగతో పొడిచి తీశామని, ఆ తరువాత ధార సన్నగానే వస్తోందని, అయినా వస్తోంది కదా అని ఊరుకున్నామని ఆయన చెప్పారు. ధార సన్నబడటానికి కారణం గూడేనని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకం వల్ల పంపు మీదికి అనుమానం పోలేదు.

ఇంత వేడి చూసిన మోటారు పిస్టన్లు, రింగులు గీసుకుపోయి ఉంటాయేమోనని కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి, కూడా కొలిచాను. వేడిగా ఉన్నప్పుడు ఒక సిలిండరుకు 108, మరొక దానికి 104 పీఎస్ఐ వచ్చింది. రెంటికీ తేడా పది శాతం లోపే ఉంది. గోడలు క్షేమంగా ఉన్నాయి. దీనికి నేను కాయిల్‌కే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అది ప్రతిసారీ ముందుగా తెగి మోటారును ఆపకపోతే, పిస్టన్లు పట్టేసేదాకా మోటారు నడిచి ఉండేది.

కొత్త కాయిల్ కర్నూలులో దొరకలేదు. కాకినాడ నుంచి తెప్పించడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో కాయిల్‌కూ వేడికీ ఉన్న సంబంధాన్ని విడదీసి చూసుకునే అవకాశం దొరికింది. ఇంపెల్లర్, పంపు కప్పు, కింది పలక, సీళ్లు, థర్మోస్టాటు కొత్తవి వేసి, నీటి దారుల్లోని ఒండ్రును కడిగి, పాత కాయిల్‌ను మాత్రం తిరిగి బిగించి నీటి మీద నడిపాము. ఒడ్డుకు దగ్గరగా, వెంట మరొక పడవ పెట్టుకుని చేసిన పని ఇది. హెడ్డు 58 నుంచి 62 డిగ్రీల మధ్య నిలిచింది. ఉదయం గంటా పది నిమిషాలు ఆగకుండా నడిచింది. మధ్యాహ్నం ఎండలో యాభై ఐదో నిమిషంలో మళ్లీ అలాగే ఆగింది, స్పార్కు లేదు, కాయిల్ ఓఎల్. అంటే కాయిల్ అప్పటికే తెగి ఉంది, చల్లదనం దాని గడువును పొడిగించిందే గానీ బాగు చేయలేదు. సంక్రాంతికి గంట, శివరాత్రికి అరగంట, మార్చికి పావుగంట అన్న ఆయన లెక్కకు అర్థం కూడా ఇదే. పంపు క్షీణించేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ కాయిల్ 68 డిగ్రీలకు చేరే సమయం తగ్గుతూ వచ్చింది.

పాత కాయిల్‌ను ఉంచుకుని పంపు మాత్రమే మార్చితే ఆ పడవ ఎప్పుడో ఒక మధ్యాహ్నం మళ్లీ రాళ్ల మీదికి పోయేది. పంపును వదిలేసి కాయిల్ మాత్రమే మార్చితే కొత్త కాయిల్ కొన్ని నెలలు తట్టుకునేది, ఈలోపు పిస్టన్లు పోయేవి. రెండో తప్పు ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే మోటారు ఆగకుండా నడుస్తుంది కనుక బాగైందనే అందరూ అనుకుంటారు.

కాయిల్ వచ్చాక బిగించడంలో రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. కాయిల్ బోల్టులకు లాక్ ద్రావణం రాసి, తీగలు తిరిగే ఫ్లైవీలుకు రాచుకోకుండా పాత దారిలోనే క్లిప్పుల కింద వేశాను. ఫ్లైవీలు కూర్చునే వాలు భాగాన్ని, క్రాంకు కొనను నూనె లేకుండా పొడిగా తుడిచి, ఆ రెండూ జారకుండా మధ్యలో పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క కీ నలగలేదని భూతద్దంతో చూసి, నట్టును టార్కు రెంచితో పుస్తకంలో ఉన్న బిగువుకే బిగించాను. ఆ కీ కొంచెం నలిగినా స్పార్కు సమయం మారిపోయి, మోటారు మళ్లీ మరొక రకంగా మొరాయిస్తుంది.

చివరి పరీక్షను ఏప్రిల్ రెండో వారంలో, కావాలనే మధ్యాహ్నం ఒంటి గంటకు, వల, మంచు పెట్టె, నలుగురు మనుషులతో నిండు బరువుతో పెట్టాము. గంటా నలభై నిమిషాలు నడిచింది. హెడ్డు 63 డిగ్రీలు దాటలేదు. మధ్యలో నేనే మూడుసార్లు ఆపి వేడిగానే తిరిగి లేపించాను, మూడుసార్లూ ఒక్క లాగుడుకే లేచింది. ఒడ్డుకు వచ్చాక వేడి కాయిల్‌ను మళ్లీ కొలిచి ఉదయపు అంకెతో పోల్చాను. పెరుగుదల రాగి లెక్కకు సరిపోయింది.

ఆయన మేనల్లుడికి నేను చెప్పింది రెండే. నీటిలో దించకుండా తాడు లాగవద్దని, లోతు తక్కువైన చోట మోటారును పైకి ఎత్తి గడతోనే పోవాలని. ట్యాంకును పని అయ్యాక సగం ఖాళీగా వదలకుండా, వారానికి సరిపడా పెట్రోలు మాత్రమే కలుపుకోమని ఆయనకు చెప్పాను. అడుగు నుంచి సీసాలో తీసి చూసే పద్ధతి కూడా చూపించాను. మోటారు వాడని రోజుల్లో ధార రంధ్రంలో గుడ్డ పీలిక పెట్టి, దాని కొనను తాడుకు కట్టి వేలాడదీయమన్నాను. అలా కడితే తాడు లాగేటప్పుడు అది కంటబడుతుంది, తీయడం మరిచిపోరు.

వానాకాలపు కొత్త నీరు వచ్చాక, ఆగస్టులో, ఆ దారిన వేరే పని మీద వెళ్తూ ఒడ్డున ఆగి పంపు విప్పి చూశాను. ఇంపెల్లర్ రెక్కలు నిటారుగా ఉన్నాయి. కప్పు గోడ మీద మాత్రం నాలుగు నెలలకే సన్నని కొత్త గీతలు పడ్డాయి. వరద నీటి ఎర్ర మట్టి వాటి నిండా ఉంది. గోటికి ఇంకా తగలడం లేదు. వచ్చే జనవరిలో ఇంపెల్లర్ మార్చాలని మోటారు మూత లోపలి వైపు తెల్ల పెయింటుతో నెల, సంవత్సరం రాసి, దాని పక్కనే ఛార్జ్ కాయిల్ చల్లగా ఉన్నప్పటి ఓమ్‌ల అంకె కూడా రాసిపెట్టాను.